కార్టూన్ బొమ్మలకు కత్తెర ఎవరు వేస్తరు?



ఆదివారం డైనింగు హాల్ల టీవీ పెట్టినప్పుడు షిన్‌చాన్ వస్తే సగం మంది నవ్వుతరు, సగం మంది "మేడం వస్తున్నరు, మార్చుండ్రి" అంటరు. డోరేమాన్ వస్తే ఎవరూ మార్చరు. ఈ రెండూ జపాన్ దేశంలో తయారైన బొమ్మలే. కానీ జపాన్ పిల్లలు చూసిన బొమ్మ, మనం చూసే బొమ్మ అచ్చంగా ఒకటి కాదు. నడుమ ఎవరో ఒకరు కత్తెర పెట్టిండ్రు, రంగు పూసిండ్రు, మాట మార్చిండ్రు. అది ఎవరు, ఎందుకు అనే విషయం ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ముందుగా బొమ్మలు ఎట్లా కదులుతాయో తెలుసుకోవాలి. మన నోటుపుస్తకం మూలల్లో ఒక్కో పేజీకి కొంచెం కొంచెం మార్చి బొమ్మ గీసి గబగబా తిప్పితే అది ఉరికినట్టు కనబడుతుంది కదా, అదే సూత్రం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. జపాన్ వాళ్ళు టీవీ బొమ్మలకు ఖర్చు తగ్గించడానికి చాలాసార్లు ఒకే బొమ్మను మూడు ఫ్రేముల దాకా నిలిపి ఉంచుతారు. అంటే సెకనుకు 8 బొమ్మలతోనే పని నడుస్తది. నోరు కూడా మూసింది, కొంచెం తెరిచింది, పూర్తిగా తెరిచింది అని రెండు మూడు రకాలే గీస్తారు. అందుకే జపాన్ మాట తీసేసి తెలుగు మాట పెట్టినా అతికినట్టే ఉంటుంది. మాటలు ఒక ట్రాకు మీద, సంగీతం, చప్పుళ్ళు ఇంకొక ట్రాకు మీద వేరువేరుగా ఉంటాయి కనుక మాటలు మాత్రమే మార్చడం సులువు. బొమ్మ మార్చడం కూడా ఇప్పుడు కష్టం కాదు. పూర్వం పారదర్శకమైన షీట్ల మీద చేత్తో రంగులు వేసేవారు, ఇప్పుడు అంతా కంప్యూటరు మీదనే.

మా యాడి కాంచళి ఎక్కడన్నా పిగిలితే, ఆ చోట అద్దం పెట్టి చుట్టూ దారంతో కుడుతది. చూసినోళ్ళకు అద్దం మెరుస్తది గాని కింద చిరుగు ఉన్నదని తెల్వది. టీవీ బొమ్మలకు చేసేది కూడా గట్లనే. కత్తిరించిన చోట ఖాళీ కనబడకుండా పక్క బొమ్మను ఇంకో రెండు సెకన్లు సాగదీస్తారు, లేకుంటే ముఖం దగ్గరికి జూమ్ చేసి కింది భాగాన్ని తెర బయటికి నెడతారు, లేకుంటే మీద ఇంకో వస్తువు గీస్తారు.

షిన్‌చాన్ సంగతి మొదలు చెప్తాను, ఎందుకంటే మన దేశంలో ఎక్కువ గొడవ అయింది దీని మీదనే. దీన్ని గీసినాయన పేరు యోషితో ఉసుయి. 1990లో ఒక వారపత్రికలో మొదలైంది. ఆ పత్రిక పెద్దవాళ్ళు చదివేది, పిల్లలది కాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం విషయం అర్థమైతది. పెద్దవాళ్ళు నవ్వుకోవడానికి అయిదేండ్ల పిలగాణ్ణి పెట్టి గీసిన కథ అది. 1992లో టీవీలోకి వచ్చింది. జపాన్‌లో కూడా తల్లిదండ్రుల సంఘం వాళ్ళు సర్వే చేసినప్పుడు "పిల్లలకు చూపించడం ఇష్టం లేని కార్యక్రమాలు" అన్న పట్టీలో ఏండ్ల తరబడి దీని పేరు ముందు వరుసలోనే వచ్చింది.

మన దేశంలో 2006లో హంగామా టీవీ దీన్ని మొదలుపెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడుతున్నారని, బట్టలు విప్పి ఎగిరే సీన్లు బాగలేవని తల్లిదండ్రులు ఫిర్యాదులు చేశారు. 2008లో కేంద్ర సమాచార ప్రసార శాఖ దీన్ని ఆపించింది. 2009లో మళ్ళీ వచ్చింది, కాని అట్లాంటి సీన్లు, చెడ్డ మాటలు తీసేసి వచ్చింది. మనం ఇప్పుడు తెలుగులో చూసేది ఆ కత్తెర పడిన షిన్‌చాన్‌నే. అప్పుడప్పుడు కథ ఎందుకో ఎగిరి దుంకినట్టు అనిపిస్తది చూడండి, కారణం ఇదే కావచ్చు.

చాలామంది "సెన్సారు బోర్డు కట్ చేసింది" అనుకుంటారు. సినిమాలకైతే సెన్సారు బోర్డు ఉంది, దాని ప్రాంతీయ ఆఫీసు హైదరాబాదులో కూడా ఉంది. హాల్లో ఆడే సినిమాను ముందుగా చూసి సర్టిఫికెట్ ఇస్తారు. కానీ టీవీలో రోజూ వచ్చే సీరియళ్ళను, బొమ్మల కథలను ముందుగా చూసి ముద్ర వేసే బోర్డు ఏదీ లేదు. వాటికి ఉన్నది కేబుల్ టీవీ నిబంధనలు. నిబంధనలు 1994వి, చట్టం 1995ది. ముందు ఆర్డినెన్సు వచ్చి తర్వాత చట్టం అయింది కాబట్టి సంవత్సరాలు ఇట్లా తిరగబడ్డాయి. అందులో 6వ నిబంధన ఉన్నది. పిల్లల కోసం తీసిన కార్యక్రమాల్లో చెడు మాటలు, బాహాటంగా హింస ఉండకుండా జాగ్రత్త పడాలని, పిల్లలకు తగనివి పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వేయకూడదని, పిల్లలను కించపరచకూడదని దాంట్లో ఉంది. ఏది చెడు మాట, ఎంత హింస ఎక్కువ అనేది మాత్రం కొలిచి రాయలేదు. అందుకని ఛానల్ వాళ్ళే ముందుగా భయపడి కత్తిరించుకుంటారు. మన క్లాసుల ఇన్స్‌పెక్షన్ ఉన్నదంటే ముందు రోజే గోడ మీది గీతలు మనమే తుడుస్తం కదా, అట్లాంటిదే. 2011 నుంచి ఛానళ్ళ సంఘం వాళ్ళే పెట్టుకున్న ఒక ఫిర్యాదుల మండలి కూడా ఉంది. దానికి రిటైరైన జడ్జి అధ్యక్షులుగా ఉంటారు.

ఇంతవరకు చదివినవాళ్ళు నేను కత్తెరకు పూర్తిగా వ్యతిరేకం అనుకుంటారేమో. కాదు. కొన్ని కత్తెరలు పడకపోతే పిల్లలకు ప్రమాదం.

1997 డిసెంబరు 16, మంగళవారం. సాయంత్రం 6 గంటల 30 నిమిషాలకు జపాన్‌లో పోకెమాన్ బొమ్మలు వచ్చినయి. ఆ రోజు కథలో పోరిగాన్ అనే జీవి ఉంది. కథ నడుమ పికాచు కరెంటు వదిలితే క్షిపణులు పేలుతాయి. ఆ పేలుడు చూపించడానికి తెర మీద ఎరుపు, నీలం వెలుతురు సెకనుకు సుమారు 12 సార్లు మార్చి మార్చి కొన్ని సెకన్లపాటు కొట్టించారు. చూస్తున్న పిల్లలకు కండ్లు తిరిగినయి, వాంతులు అయినయి, కొందరికి ఫిట్స్ వచ్చినయి. ఆ రాత్రి 685 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకపోయిండ్రు. రాత్రి వార్తల్లో ఏం జరిగిందో చెప్పబోయి అదే ముక్కను మళ్ళీ చూపిస్తే, అది చూసి ఇంకొందరికి అయింది! పెద్దవాళ్ళు కూడా ఇట్లా చేస్తరు.

మన దిక్కు ఎవరికన్న ఫిట్స్ వస్తే చేతిల తాళంచెవి పెడతరు, గాలి సోకిందంటరు. అది గాలి కాదు. కొందరి మెదడు మిలమిల కొట్టే వెలుతురుకు తట్టుకోలేదు, ముఖ్యంగా చిన్నపిల్లలది. ఆ వెలుతురు తాళానికి మెదడులోని కణాలన్నీ ఒక్కసారి కరెంటు వదులుతాయి. తాళంచెవితో లాభం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు.

ఆ తర్వాత పోకెమాన్ నాలుగు నెలలు ఆగి 1998 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైంది. జపాన్ టీవీ వాళ్ళందరూ కలిసి కొత్త నియమాలు రాసుకున్నారు. వెలుతురు సెకనుకు మూడుసార్లకు మించి కొట్టకూడదు, ఎరుపు రంగుతో ఇంకా ఎక్కువ జాగ్రత్త. పాత భాగాల్లో కూడా అట్లాంటి చోట్ల తెరను మసకబార్చారు. జపాన్ బొమ్మల్లో కొట్లాట మధ్యల ఒక్కసారిగా తెర మబ్బు పట్టినట్టు అయితే, టీవీ పాడైందని దాని నెత్తి మీద కొట్టకండి. అది మన కండ్ల కోసం చేసిందే. అక్కడ చాలా కార్యక్రమాల మొదట్ల "గదిలో లైటు వేసుకొని, టీవీకి దూరంగా కూర్చొని చూడండి" అని రాసి చూపిస్తారు. మనమేమో సినిమా హాల్ లెక్క ఉండాలని లైట్లన్నీ తీసేసి ముందటి బెంచీ కోసం కొట్లాడుతం.

ఆ భాగాన్ని మళ్ళీ ఎన్నడూ టీవీలో వేయలేదు. పోరిగాన్‌కు కూడా కథలో మళ్ళీ పాత్ర ఇయ్యలేదు. నాకు మాత్రం ఇది అన్యాయమే అనిపిస్తది. కరెంటు వదిలింది పికాచు, శిక్ష పడ్డది పోరిగాన్‌కు. పికాచు పేరున్నోడు, వాణ్ణి తీసేస్తే బొమ్మలు అమ్ముడుపోవు కదా.

పోకెమాన్‌లోనే జింక్స్ అని ఇంకొకటి ఉంది. పొడుగు పచ్చ జుట్టు, లావు పెదవులు, నల్లటి ముఖం. 2000లో అమెరికాలో కారోల్ బోస్టన్ వెదర్‌ఫోర్డ్ అనే నల్లజాతి రచయిత్రి దీని మీద ఒక వ్యాసం రాసింది. వెనకట తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకొని, పెదవులు పెద్దగా దిద్దుకొని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ నాటకాలు ఆడేవారు. ఈ బొమ్మ దానిలాగే ఉన్నదని ఆమె రాసింది. కొన్ని భాగాలు ప్రసారంలో నుంచి తీసేశారు. కొన్నేళ్ళకు జింక్స్ ముఖాన్ని ఊదా రంగుకు మార్చారు. గీసినవాళ్ళు కావాలని చేసిండ్రో లేదో వేరే సంగతి, చూసేవాళ్ళకు తగిలిందా లేదా అన్నదే ముచ్చట.

ఇది చదివినప్పుడు నాకు ఒకటి యాదికొచ్చింది. మా తండా పక్క ఊర్ల ఒక ఇంట్ల టీవీల సినిమా చూస్తుంటే లంబాడోళ్ళ వేషం కట్టినామె వచ్చింది. ఆమె మాట వంకరగ పెట్టిండ్రు. అందరు పడి పడి నవ్విండ్రు. మేం నలుగురం తండా పిల్లలం కింద చూసుకుంట కూసున్నం. ఆ సీనుకు ఎవరూ కత్తెర పెట్టలేదు. బట్టలు సరిగ లేకపోతే కట్ చేస్తరు, సిగరెట్టు తాగితే కింద అక్షరాలు వేస్తరు, ఒక జాతిని నవ్వులాట చేస్తే మాత్రం అది కామెడీ. అమెరికాలో ఒకామె వ్యాసం రాస్తే బొమ్మ రంగు మారింది. రాసుడు వస్తే ఇంత పని అయితదా అని నాకు అప్పుడు అనిపించింది.

ఇప్పుడు నాకు అస్సలు నచ్చని కత్తెర గురించి. అది అన్నం మీద పడిన కత్తెర.

జపాన్ వాళ్ళు కూడా మనలాగే అన్నం తింటారు. పిల్లలకు బడికి కట్టే సద్దిలో ఒనిగిరి ఉంటుంది. అంటే అన్నాన్ని చేత్తో మూడు మూలల ముద్దగా ఒత్తి, సముద్రపు నాచు ఆకు చుట్టేది. పోకెమాన్‌లో బ్రాక్ చేతిలో తెల్లటి ఒనిగిరి పట్టుకొని ఉంటాడు. అమెరికాలో ఇంగ్లిష్ మాటలు పెట్టినవాళ్ళు దాన్ని "జామ్ పెట్టిన డోనట్" అని చెప్పించారు. అమెరికా పిల్లలకు అన్నం ముద్ద తెలవదని! కండ్ల ముందట అన్నం కనబడుతుంటే డోనట్ అంటే ఎవరు నమ్ముతరు? కొన్నేళ్ళకు మాటతో ఆగలేదు, ఒనిగిరి మీద శాండ్‌విచ్ బొమ్మనే గీసేశారు. 2014లో డోరేమాన్ అమెరికా టీవీకి పోయినప్పుడు కూడా అంతే. నోబిత పేరు నోబీ అయింది, యెన్‌లు డాలర్లు అయినయి, పుల్లలతో తినే చోట ఫోర్కులు వచ్చినయి, అన్నం మీద ఆమ్లెట్ కప్పిన ప్లేటు పాన్‌కేక్ అయింది, కాల్చిన చిలగడదుంపలు అమ్మే బండి పాప్‌కార్న్ బండి అయింది.

దీంతో మనకేం సంబంధం అంటే, ఉన్నది. మన దేశానికి వచ్చిన పోకెమాన్ జపాన్ నుంచి నేరుగా రాలేదు, అమెరికా ఇంగ్లిష్ ప్రతి మీదుగా వచ్చింది. పేర్లు చూస్తేనే తెలుస్తది. జపాన్‌లో ఆ పిల్లవాని పేరు సతోషి, మనకు యాష్. అక్కడ తకేషి, మనకు బ్రాక్. అంటే అన్నం తినే దేశంలో గీసిన బొమ్మ, అన్నం తినే మన దగ్గరికి, అన్నం తెలవనోళ్ళ కత్తెర మీదుగా వచ్చింది. డోరేమాన్, షిన్‌చాన్‌లు అట్లా కాదు. నోబిత నోబితనే, షిజుకా షిజుకానే. తినే దొరయాకి మాత్రం మన దేశంలో డోరా కేక్ అయింది, అది పెద్ద తప్పు కాదులే.

రేపు ఎవరైనా మన తండా మీద బొమ్మల కథ తీసి, దాంట్ల మా యాడి కాల్చే జొన్నరొట్టె మీద పిజ్జా బొమ్మ అతికించి ఊరూరా చూపిస్తే మనకు ఎట్లుంటది? చూసే పిల్లలకు జొన్నరొట్టె అనేది ఒకటి ఉన్నదనే తెల్వది.

చావును దాచడం కూడా ఇటువంటిదే. డ్రాగన్ బాల్ జీ 1996లో అమెరికా టీవీకి పోయినప్పుడు చచ్చిపోయినవాళ్ళను "వేరే లోకానికి పోయారు" అని చెప్పించారు. నరకంలో ఇద్దరు రాక్షసుల బనియన్ల మీద ఇంగ్లిష్‌లో 'హెల్' అని రాసి ఉంటుంది. దాన్ని ఎట్లా మార్చారో బోర్డు మీద రాసి చూడండి. హెచ్, ఈ, ఎల్, ఎల్ అని రాయండి. 'ఈ' కింది గీత చెరిపితే 'ఎఫ్' అయింది. మొదటి 'ఎల్' కింది గీత చెరిపితే 'ఐ' అయింది. రెండు గీతలతో నరకం మాయం! తెలివి మెచ్చుకోవాల్సిందే. కాని తండాలో ముసలమ్మ చచ్చిపోతే పిల్లలను ఇంట్ల దాచిపెట్టరు, మేం కూడా ఏడ్చుకుంట వెంట పోతం. చావు తెలవని పిల్లలు ఎక్కడుంటరో నాకు తెల్వదు. ఒన్ పీస్ అనే కథలో సాంజీ నోట్లో సిగరెట్టును 2004లో అమెరికా వాళ్ళు లాలీపాప్‌గా మార్చారు. అది నాకు మంచిగనే అనిపించింది.

భాష కోసం కూడా ఆపుతారు. మన పక్క దేశం బంగ్లాదేశ్‌లో డోరేమాన్ హిందీ మాటలతో వచ్చేది. పిల్లలు బెంగాలీ వదిలి హిందీ మాట్లాడుతున్నారని 2013లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. మా తమ్ముడు బడికి పోకముందే టీవీ బొమ్మలు చూసి తెలుగు నేర్చిండు. యాడితోని గోర్‌బోలి, టీవీ ముందట తెలుగు. ఒకటో తరగతిల సారు చెప్పింది వానికి అర్థమైంది. నాకు అప్పట్ల కాలేదు, నేను ఆరు నెలలు ఊకె కూసున్న. కాబట్టి టీవీ తెలుగు నేర్పిందని నేను కోపం చేయలేను. కానీ మా ఇంట్ల టీవీలో బొమ్మలు గోర్‌బోలి మాట్లాడింది నేను ఎన్నడూ వినలేదు. మాటల ట్రాకు వేరే ఉంటదని పైన రాసిన కదా. జపాన్ బొమ్మకు తెలుగు అతికినప్పుడు గోర్‌బోలి కూడా అతుకుతది.

వార్డెన్ మేడం గార్లకు ఒక మనవి. మీరు ఛానల్ మార్చొద్దని అనడం లేదు. చిన్న తరగతుల పిల్లలు కూడా మన హాల్లోనే కూర్చుంటారు, కొన్ని వాళ్ళకు తగవు. మార్చేటప్పుడు ఎందుకు మారుస్తున్నారో ఒక్క మాట చెప్పగలరు. షిన్‌చాన్ పెద్దవాళ్ళ పత్రికలో పుట్టిందని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే, వాడు వాళ్ళమ్మను వెక్కిరిస్తుంటే అది మనం చేయడానికి కాదని నేనే అనుకునేదాన్ని. టీవీ వాళ్ళు అయితే చెప్పరు. తీసేసిన చోట "ఇక్కడ ఇంత తీసేసినం" అని ఎక్కడా రాయరు.

రాయకపోయినా మనం కొంత పట్టుకోవచ్చు. చెవులతో పట్టుడు సులువు. వెనక సంగీతం ఉన్నట్టుండి తెగి ఇంకో చోట అందుకుంటే అక్కడ ముక్క పోయినట్టు. ముఖం అవసరం లేకుండా తెర నిండా వచ్చి బొమ్మ అంచులు మొద్దుబారితే కింద ఏదో దాచినట్టు. నోరు కదులుతుండంగ మాట రాకపోతే మాట తీసినట్టు. బోర్డుల మీద, డబ్బాల మీద అక్షరాలు ఉండాల్సిన చోట ఉత్త రంగు ఉంటే తుడిచినట్టు. పోయిన ఆదివారం మేం ముగ్గురం ఒక్క భాగంలో సంగీతం తెగిన చోట్లు మూడు లెక్క పెట్టినం. నాలుగోదాని కాడ కరెంటు పోయింది, అది లెక్కల పెట్టలేదు.

ఈ వ్యాసం పక్కన ఒక తెల్ల కాగితం అతికించాను, దారానికి పెన్సిలు కట్టి ఉంది. ఎవరికైనా ఇట్లాంటి చోటు కనబడితే ఏ బొమ్మ, ఏ రోజు, ఏం తెగింది అని రాయగలరు. పెన్సిలు తెంపుకపోకండి.